గోడ దూకేవాడి ఇంటిభాష

మా ఉత్తరార్కాడు తెలుగువాళ్ళకు సినిమాకి రెండు దిక్కులు. అరవ సినిమా అయితే ఆర్కాటు, వేలూరు. తెలుగు సినిమా అయితే సరిహద్దు దాటి చిత్తూరు. కావేరిపాక్కంలో పొద్దున బస్సెక్కితే మ్యాట్నీకి చిత్తూరులో ఉండేవాళ్ళం. గుడియాత్తంలో ఉన్న మా చుట్టాలు పరదరామి మీదుగా ఇంకా తొందరగా చేరేవాళ్ళు. బళ్ళో తెలుగు అయ్యవారుగా పనిచేసిన నాకు సెలవుల్లో వ్యాపకం ఇదే. అందులోనూ జైలు సినిమాలంటే మరీ పిచ్చి. కటకటాలు, సంకెళ్ళు, అర్ధరాత్రి సైరను వినిపిస్తే చాలు, కుర్చీ అంచుకి జరిగి కూర్చునేవాణ్ణి. ఇప్పుడు మా ఇళ్ళల్లో పిల్లకాయలు వాటిని ఫోన్లో చూస్తున్నారు. కొందరు తామే తీస్తామంటున్నారు. వాళ్ళకోసం నాకు తెలిసిన నాలుగు మాటలు నెంబర్లేసి రాస్తున్నాను. వరస పట్టించుకోవద్దు.

1. హీరో ఉపన్యాసంలో రాజకీయం వెతకొద్దు.

ఉపన్యాసం చప్పట్ల కోసం. అసలు రాజకీయం అంతకు చాలా ముందే, లోపలికొచ్చినవాడి వివరాలు రిజిస్టర్లో రాసుకునే చోట తేలిపోతుంది. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, నేరం. ఆ గడుల్లో దర్శకుడు ఏది నింపాడో, ఏది ఖాళీగా వదిలాడో చూడండి.

1983 అక్టోబరులో కోదండరామిరెడ్డి ‘ఖైదీ’ వచ్చింది. పరుచూరి సోదరుల రచన. చిరంజీవి పోలీస్ స్టేషన్‌ని చిందరవందర చేసి బయటపడుతుంటే చిత్తూరు హాల్లో పక్కవాడి మాట వినపడలేదు, అంత ఈలలు. ఊరి పెద్ద మీద లేనివాడి కోపమే ఆ కథకు ఇంధనం. ఉన్నవాడు, లేనివాడు అనే గీత దగ్గర కథ ఆగుతుంది, కులం దాకా పోదు. ఆ రోజుల్లో ఆ మాత్రం చెప్పడమే గొప్ప అనుకున్నాం. నిజంగానే గొప్ప.

అదే 1983లో గుంటూరులో ఒక తమిళ కుర్రాణ్ణి చేయని దొంగతనం ఒప్పుకోమని లాకప్‌లో వేసి కొట్టారు. కోయంబత్తూరు మనిషి, పేరు ఎం. చంద్రకుమార్. ఆయన ఏ గోడా దూకలేదు, ఏ స్టేషన్నీ పగలగొట్టలేదు. ఆ తర్వాత ఆటో నడుపుకుంటూ ‘లాకప్’ అనే పుస్తకం రాశాడు. తెర మీది ఖైదీ, లాకప్‌లోని మనిషి ఒకే రాష్ట్రంలో, ఒకే ఏడాదిలో ఉన్నారు. మనం ఈలలు వేసింది ఒక్కడికే.

2. ‘విసారణై’ని తెలుగువాడు తప్పకుండా చూడాలి. ఇది కాస్త పొడుగ్గా చెబుతాను.

చంద్రకుమార్ పుస్తకమే ఆధారంగా వెట్రిమారన్ తీసిన సినిమా ఇది. 2015లో వెనిస్ ఉత్సవంలో చూపించారు, 2016 ఫిబ్రవరిలో మన హాళ్ళకొచ్చింది, మూడు జాతీయ అవార్డులు తెచ్చుకుంది. గుంటూరులో చిన్నాచితకా పనులు చేసుకుంటూ పార్కులో పడుకునే తమిళ కుర్రాళ్ళని పోలీసులు ఎత్తుకుపోతారు. పెద్దింట్లో దొంగతనం జరిగింది. పైనుంచి ఒత్తిడి. ఎవడో ఒకడు ఒప్పుకుంటే ఫైలు మూసేయొచ్చు. ఇక కొట్టుడు మొదలు. అధికారి వేషంలో మన అజయ్ ఘోష్. తెలుగులో అడుగుతారు, తెలుగులో తిడతారు. కుర్రాళ్ళకి ప్రశ్న అర్థం కాక నోరు తెరిచేలోగా లాఠీ పడుతుంది.

వేలూరు హాల్లో నా పక్కన కూర్చున్న తమిళ స్నేహితుడు మొదట్లో ‘ఏమంటున్నాడు?’ అని నన్ను గోకి గోకి అడిగాడు. కాసేపటికి అడగడం మానేశాడు. నాకు మాత్రం ప్రతి తిట్టూ అర్థమయింది. మా అమ్మ నాకు అన్నం పెడుతూ మాట్లాడిన భాష అది. దాన్ని లాఠీ పట్టుకున్నవాడి నోట వింటూ, దెబ్బలు తినేవాళ్ళ మధ్య కూర్చున్నాను. తమిళనాట పుట్టి పెరిగిన తెలుగువాడికి తప్ప ఈ ఇరకాటం ఇంకెవరికీ రాదు.

బయట టీకొట్టు దగ్గర ఒకాయన మా మాటలు విని, ‘మీవాళ్ళే కదా సార్’ అన్నాడు. ఎగతాళో, ఊరికే అన్నాడో. నేను టీ పూర్తిచేసి, ‘రెండో సగంలో చంపింది మీవాళ్ళు కదా’ అన్నాను. నవ్వి డబ్బులు తనే ఇచ్చాడు.

ఆ సినిమా కట్టుబడి అంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. మొదటి సగం తెలుగు పోలీసులు తమిళ కూలీలను హింసిస్తారు. దర్శకుడు అక్కడితో ఆపి ఉంటే అది రెండు రాష్ట్రాల తగాదా సినిమా అయ్యేది. వేలూరులో బాగా ఆడేది కూడా. ఎందుకంటే అది మన హాళ్ళకి రావడానికి ఏడాది లోపే, 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఎర్రచందనం కొట్టడానికి పోయిన 20 మంది తమిళ కూలీలను ఆంధ్రా టాస్క్‌ఫోర్స్ కాల్చి చంపింది. తిరువణ్ణామలై, ధర్మపురి వైపు ఊళ్ళల్లో ఏడుపులు అప్పటికింకా ఆగలేదు. ఆ వేడిలో భాషాద్వేషం అమ్ముకోవడం చాలా తేలిక. వెట్రిమారన్ ఆ పని చేయలేదు. కుర్రాళ్ళను సొంత భాషవాళ్ళ చేతికి అప్పజెప్పాడు. సముద్రఖని వేసిన తమిళ ఇన్‌స్పెక్టరు వెంట వాళ్ళు సంతోషంగా సొంత రాష్ట్రానికి వస్తారు. అక్కడే ప్రాణాలు పోతాయి.

అంతకు ముందు కోర్టు సీనుంది. జడ్జి ముందు కుర్రాళ్ళు తమిళంలో మొత్తుకుంటారు. దాన్ని తెలుగులో చెప్పేవాడు దొరికేదాకా ఆ మొర ఎవరికీ చేరదు. దొరికిన క్షణంలో కేసు తిరగబడుతుంది. నిందితుడికి అర్థమయ్యే భాషలో సాక్ష్యం వివరించాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 279వ సెక్షన్‌లోనే ఉంది. ఏ ఫైటు మాస్టరూ ఆ సీనంత ఉత్కంఠ పుట్టించలేడని నా అభిప్రాయం.

3. ‘జై భీమ్’ మొదటి సీను జైలు కథలు రాసేవాడికి పెద్దబాలశిక్ష.

ఆ సీనులో ఒక్క దెబ్బ లేదు. విడుదలైనవాళ్ళు జైలు గేటు బయట నిలబడి ఉంటారు. అధికారి ఒక్కొక్కణ్ణీ కులం అడుగుతాడు. కొందరిని ఇంటికి పొమ్మంటాడు. కొందరిని పక్కకి లాగుతాడు. తేలని పాత కేసులు నెత్తిన వేసుకోవడానికి మనుషులు కావాలని వేరే స్టేషన్ల వాళ్ళు అక్కడ కాచుకుని ఉంటారు. జ్ఞానవేల్ తీసిన ఈ సినిమా 2021 నవంబరులో నేరుగా ఓటీటీలో వచ్చింది. 1993లో కడలూరు జిల్లాలో జరిగిన కస్టడీ చావు, దాని మీద అప్పటి న్యాయవాది చంద్రు చేసిన పోరాటం దీనికి ఆధారం.

ఇక గుర్తింపుల గొడవ. సినిమాలో క్రూరుడైన పోలీసు ఇంటిగోడ మీద ఒక క్యాలెండరు కనిపించింది. దాని మీద బొమ్మ వన్నియర్లదని ఆ కులంవాళ్ళు అభ్యంతరం చెప్పారు. అసలు కేసులో ఆ అధికారి తమవాడు కాడన్నారు. నిర్మాతలు బొమ్మ మార్చారు. మా జిల్లాల్లో వన్నియర్లు బలమైనవాళ్ళు, మాకు ఇరుగుపొరుగు. వాళ్ళ బాధలో న్యాయం లేదనను. జరిగినదాని ఆధారంగా తీశామన్నప్పుడు గోడ మీది క్యాలెండరుకీ లెక్క చెప్పాల్సిందే. కానీ అదే సినిమాలో ఇంకో మార్పు జరిగింది. అసలు చనిపోయిన మనిషి కురవర్ కులంవాడు, తెర మీద ఇరుళర్ అయ్యాడు. దాని మీద లేచిన గొంతులు క్యాలెండరు గొడవలో పదోవంతు కూడా వినిపించలేదు. ఎవరి అభ్యంతరానికి ఎంత బలముందో ఆ రెండు గొడవలూ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

ఇరుళర్లు మాకు తెలియని మనుషులు కారు. ఇటుక బట్టీల దగ్గర, కట్టెలు కొట్టే చోట్ల ఉంటారు. 2019లో కూడా కాంచీపురం, వేలూరు జిల్లాల్లో కట్టెలు కొట్టే చోట్ల నుంచి వాళ్ళ కుటుంబాలను అధికారులు వెట్టిచాకిరీ నుంచి విడిపించాల్సి వచ్చింది.

ఈ సినిమాలోనే ప్రకాశ్‌రాజ్ హిందీలో మాట్లాడినవాణ్ణి చెంప మీద కొట్టి, తమిళంలో చెప్పమంటాడు. తెలుగు డబ్బింగ్‌లో తెలుగులో చెప్పమంటాడు. హిందీలోకి పోయేసరికి నిజం చెప్పమంటాడు. దెబ్బ ఒకటే, కారణం మాత్రం టికెట్టు కొనేవాణ్ణి బట్టి మారింది. ఇంత మంచి సినిమాలో ఆ చెంపదెబ్బ నాకు మింగుడుపడలేదు.

4. సినిమా పేరు మార్చినంత మాత్రాన కులం పోదు. కమల్‌హాసన్ ఉరిశిక్ష మీద తీసిన జైలు సినిమాకి మొదట ‘సండియర్’ అని పేరు పెట్టాడు. కులగర్వాన్ని రెచ్చగొడుతుందని అభ్యంతరం వస్తే ‘విరుమాండి’ అని మార్చి 2004 సంక్రాంతికి విడుదల చేశాడు. తెలుగులో అది ‘పోతురాజు’ అయింది. జైల్లో అల్లర్లు చెలరేగే ఆ చివరి ఘట్టం ఇప్పటికీ చూడదగ్గదే. మీసం, కత్తి, ఊరి పౌరుషం మాత్రం ఏ పేరు పెట్టినా అలాగే ఉన్నాయి.

5. హీరో జైలు నుంచి పారిపోయి ఎవరి నీళ్ళ కోసం కొట్లాడుతున్నాడో చూడండి.

2014లో విజయ్ ‘కత్తి’, దాన్నే తెలుగులో తీసిన చిరంజీవి ‘ఖైదీ నంబర్ 150’. రెండింటిలోనూ కథ జైలు పరారీతో మొదలై రైతుల నీళ్ళ దగ్గరికి వస్తుంది. రాజకీయాల్లోకి వెళ్ళి తిరిగొచ్చిన చిరంజీవి 2017 సంక్రాంతికి ఖైదీ నంబరు తగిలించుకుని నీళ్ళ గురించి మాట్లాడుతుంటే తెలుగునాడంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. కానీ అంతకు కొద్ది నెలల ముందే, 2016లో కుప్పం వైపు పుల్లూరు దగ్గర పాలారు మీద చెక్‌డ్యాం ఎత్తు పెంచారని మా జిల్లా రైతులు రోడ్డెక్కారు. పాలారు ఆనకట్ట నుంచి కాలవలో నీళ్ళొస్తేనే కావేరిపాక్కం చెరువు నిండేది. పల్లవుల నాటి చెరువది, నిండితే ఇటునుంచి చూస్తే అటు గట్టు కనపడదు. నాలుగు చినుకులు తగ్గితే అందులో పశువులు మేస్తాయి.

తమిళ సినిమాలో రైతుకి అన్యాయం చేసేది కంపెనీ. తెలుగులోనూ కంపెనీయే. ఎగువ రైతుకీ దిగువ రైతుకీ మధ్య తగాదా వస్తే ఏ ఖైదీ ఎటు నిలబడతాడు? ఆ సినిమా ఇంతవరకు ఎవరూ తీయలేదు. తీస్తే ఒక రాష్ట్రంలోనే ఆడుతుందని భయం కావచ్చు.

6. ఆడవాళ్ళ జైలు పాటలు పాడుకునే చోటు కాదు.

2023లో వచ్చిన ‘జవాన్’లో షారుక్‌ఖాన్ ఆడవాళ్ళ జైలుకి అధికారి. లోపల ఉన్న అమ్మాయిలు అన్యాయంగా శిక్షపడ్డవాళ్ళు, ఆయనతో కలిసి సర్కారుని నిలదీస్తారు. రైతుల అప్పులు, ఆస్పత్రుల్లో ఆక్సిజను, ఓటు విలువ అన్నీ ఉన్నాయి. అట్లీ తమిళ ఒడుపు తెలిసినవాడు కాబట్టి బోరు కొట్టదు. అయితే ఆ ఆడవాళ్ళకి తమ గురించి చెప్పుకోవడానికి తలా కాసింత ఫ్లాష్‌బ్యాక్ దొరికింది, మిగతా కథంతా మగవాడిదే.

ఇప్పుడు మన వేలూరు సంగతి. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి మద్రాసులో అరెస్టయి వేలూరు, మదురై జైళ్ళలో శిక్ష అనుభవించింది. అప్పటికి ఇరవై చిల్లర ఏళ్ళ పిల్ల. హత్యానేరాల కింద శిక్షపడ్డ ఆడవాళ్ళను లోపల దగ్గర్నుంచి చూసింది. చదువు లేదు, చట్టం తెలీదు, తమ తరఫున ఎలా వాదించుకోవాలో తెలీదు. బయటికొచ్చాక ఆగిపోయిన చదువు మెట్రిక్ నుంచి మొదలుపెట్టి లా దాకా వెళ్ళింది. రాజ్యాంగ సభలో కూర్చుంది. ఆంధ్ర మహిళా సభ పెట్టింది. ఆ జైల్లోని అజ్ఞాత స్త్రీలు లేకపోతే మనకు ఆ లాయరు లేదు.

ఏ పరారీ, ఏ కాల్పులూ లేని ఈ కథని ఎవరైనా యాక్షన్ సినిమాగా తీయలేరా అని నేను చాలాసార్లు అనుకుంటాను. తీయొచ్చు. ఆ ఆడవాళ్ళు ఏ భాషలో ఏడ్చారో, అధికారులు ఏ భాషలో రాసుకున్నారో పట్టుకుంటే చాలు.

7. ఒక ఊరి పేరునే నేరంగా మార్చే సినిమాకి దణ్ణం పెట్టి వచ్చేయండి.

1871లో తెల్లవాళ్ళు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టుకతోనే మనిషి దొంగ. ఆ చట్టం నీడలోనే సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది, ఎరుకలవాళ్ళని అక్కడ పెట్టారు. 1952లో చట్టం రద్దయింది, తెర మీద మాత్రం కాలేదు. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ టీజరులో స్టువర్టుపురాన్ని నేరాల రాజధానిగా చూపించారని హైకోర్టులో కేసు వేశారు. మద్రాసు జైలు నుంచి తప్పించుకున్నాడని పేరుబడ్డ మనిషి కథ కాబట్టి యాక్షన్‌కి లోటు లేదు. కానీ ఆ ఊళ్ళో బడికి పోయే పిల్లవాడు తన ఊరి పేరు చెప్పుకోవాలి కదా.

మనం ఎరుకలవాళ్ళంటాం, తమిళులు కురవర్లంటారు. దగ్గరి చుట్టాలే. ఎరుకలవాళ్ళ ఇంటిభాష తమిళానికి దగ్గర. పైన చెప్పిన ‘జై భీమ్’ కేసులోని మనిషినీ, స్టువర్టుపురం పిల్లవాణ్ణీ రెండు రాష్ట్రాల సినిమాలు వేరువేరుగా చూపించాయి. పోలీసులు మాత్రం ఇద్దరినీ ఒకేలా చూశారు.

8. ‘పుష్ప’ గురించి ఒక్క ముక్క. మా సరిహద్దు యాసని ఇన్నాళ్ళూ హాస్యగాడికో, తొడకొట్టే విలన్‌కో ఇచ్చేవాళ్ళు. అల్లు అర్జున్ అదే చిత్తూరు యాసతో హీరో అయ్యాడు, తెలుగు నటుల్లో మొదటిసారి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు కూడా తెచ్చుకున్నాడు. మా గుడియాత్తం ఇళ్ళల్లో ముసలమ్మలు ‘మన మాదిరే మాట్లాడతాండాడే’ అని మురిసిపోయారు. సంతోషమే. ఆ కథకి మూలమైన ఎర్రచందనం కేసుల్లో రిమాండ్‌కి పోయిన జవ్వాదు కొండల కూలీకి మాత్రం ఆ మూడు గంటల్లో సరైన పేరు కూడా దక్కలేదు.

9. వేలూరు జైలు పేరు వాడుకునేవాడు వేలూరు జైలు తెలుసుకోవాలి.

మా చెల్లెలి మనవడు గుడియాత్తంలో ఉంటాడు, విజువల్ కమ్యూనికేషన్ చదువుతున్నాడు. ఒక జైలు యాక్షన్ కథ రాసి నాకు పంపాడు. తొరపాడిలోని సెంట్రల్ జైలు, రాత్రి పూట వాన, గోడ మీద హీరో. బాగానే రాశాడు, చేయి తిరిగింది. కానీ లోపల ఉన్నవాళ్ళంతా ‘ఖైదీ 1’, ‘ఖైదీ 2’. ఒకడికి మాత్రం గడ్డం పెట్టి ముస్లిం పేరు ఇచ్చాడు. వాడు చేసే పనల్లా కత్తి అందించడం.

‘ఈ ఖైదీ 2 ఇంటిభాష ఏందిరా అబ్బయ్యా?’ అన్నాను.

‘ఫైటే కదా తాతా, వాడికి డైలాగు లేదు.’

‘డైలాగు ఎందుకు లేదో అదే అడుగుతాండాను.’

వాడు కాసేపు ఫోను చూసుకుని, ‘రాజాజీ, కామరాజర్ ఉన్న జైలు కదా తాతా, అందుకే పెట్టినాను’ అన్నాడు. ఉన్నారు. రాజాజీ 1921 డిసెంబరులో వచ్చి మూడు నెలలు ఉన్నాడు. కామరాజు ఇక్కడ ఖైదీగా ఉండగానే విరుదునగర్ మునిసిపల్ ఛైర్మన్‌గా ఎన్నికయ్యాడు. తర్వాత ముఖ్యమంత్రి అయ్యాక 1954లో పోటీచేసి గెలిచింది మా గుడియాత్తం నుంచే. 1941లో కమ్యూనిస్టు నాయకుడు ఏకే గోపాలన్ ఈ జైలు నుంచే తప్పించుకున్నాడు. ఇక వేలూరు కోటలోని శిబిరం నుంచి 1995 ఆగస్టులో నలభైమందికి పైగా తమిళ పులులు సొరంగం తవ్వుకుని పోయారు. అదే కోటలో 1806 జులైలో సిపాయిలు తిరగబడింది తలపాగా మార్చమన్నందుకు, గడ్డం, నుదుటి బొట్టు తీసేయమన్నందుకు. గుర్తింపు కోసం మనిషి ప్రాణాలకు తెగించిన ఊరది. అక్కడ నిలబడి రాస్తూ ఖైదీకి నెంబరు వేస్తే ఎట్లా?

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 చివరికి మన జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే ఇంకా నేరం రుజువు కానివాళ్ళు. ఈ సంగతి పట్టుకుని 2021లో అల్లరి నరేశ్‌తో ‘నాంది’ తీశారు, కొట్టుకోవడం కంటే ఎదురుచూడటాన్ని బాగా చూపించారు. మనవాణ్ణి అది చూడమన్నాను.

రెండోది చదవమన్నాను. జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్యా శాంత కేసులో కొట్టేసింది. ఊడ్చేవాళ్ళు ఒక కులం, వండేవాళ్ళు ఇంకో కులం అని రాసిపెట్టుకున్న పుస్తకాలను సరిదిద్దమంది. రిజిస్టర్లో కులం గడినే తీసేయమంది. తమిళనాడు పాళయంకోట జైల్లో కులాలవారీగా బ్యారకులు విడదీసిన సంగతీ ఆ తీర్పులో ఉంది. స్వతంత్రం వచ్చి డెబ్భై ఏడేళ్ళయ్యాక వచ్చిన తీర్పు ఇది. ఇంత పెద్ద కథ కళ్ళ ముందుండగా ఇంకా వానలో గోడ దూకించే సీనే ఎందుకు?

ఆ తీర్పు సుప్రీంకోర్టు వెబ్‌సైటులో దొరుకుతుంది, డబ్బులు కట్టనక్కర్లేదు. జైలు సినిమా తీయాలనుకునే పిల్లలందరూ ముందు అది చదవండి. తర్వాత మీ స్క్రిప్టులో ఖైదీ 1 నుంచి ఖైదీ 20 దాకా ఒక్కొక్కడికీ పేరు, ఊరు, ఇంట్లో మాట్లాడే భాష రాసి నాకు పంపండి. ఫైటు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.